డ్రయ్యర్లో కాకిబంగారం

కావలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పద్నాలుగు వేలు పోసి కొన్న హెయిర్ డ్రయ్యరండీ. జుట్టు సగం ఆరేసరికి టక్కున ఆగిపోయింది. పొగ లేదు, కమురు వాసన లేదు. షాపులో కొత్తది కొనుక్కోమంటున్నారు. విప్పించి చూడొచ్చా?"

చూడొచ్చు. పొగ లేదు, వాసన లేదు అన్నారే, సగం జవాబు అందులోనే ఉంది. మిగతా సగానికి ముందు నాకిష్టమైన సంగతి ఒకటి చెప్పనివ్వండి. ఆ గొట్టం లోపల మన నెల్లూరు మట్టి చుట్టమొకటి కూర్చుని ఉంది.

డ్రయ్యరు విప్పితే నాలుగు పలకలు కూడిక గుర్తులా నిలబడి, వాటి అంచుల గాట్లలో స్ప్రింగులాంటి తీగ చుట్టుకుని కనిపిస్తుంది. తీగ నిక్రోమ్, అంటే నికెల్, క్రోమియం కలిసిన లోహం. దాని గొప్ప పాఠ్యపుస్తకాల్లో కావలసినంత ఉంది, వదిలేస్తాను. పలకలు అభ్రకం. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు గనుల్లో తవ్వేవాళ్ళు మైకా అంటారు. మా చిన్నప్పుడు అది కాకిబంగారం. మెరిసిందల్లా జేబులో వేసుకుని, ఇంటికెళ్ళాక అమ్మ చేత చీవాట్లు తినేవాళ్ళం.

తీగ ఎర్రగా కాలుతుంటే, దాన్ని మోస్తున్న పలక ఎందుకు కాలదు? ఎందుకు షాక్ కొట్టదు?

పూతరేకును తలుచుకోండి. పూతరేకులు గోదావరి వాళ్ళవి, కాదనను. మన పూతరేకు భూమిలోపల తయారైంది. పూతరేకులో రేకు మీద రేకు, మధ్యలో చక్కెర పొడి. లాగితే రేకు చిరగదు, చక్కెర ఉన్నచోట విడిపోతుంది. అభ్రకంలో రేకు అంటే సిలికాన్, ఆక్సిజన్, అల్యూమినియం కలిసి అల్లుకున్న పొర. ఆ అల్లిక మహా గట్టిది. రేకుకీ రేకుకీ మధ్య పొటాషియం అయాన్లు, మన చక్కెర అన్నమాట. వాటి పట్టు తక్కువ. అందుకే గోరు పెట్టి గీకినా పొరలు పొరలుగా లేస్తుంది. ఒక్కో రేకు మందం దాదాపు ఒక నానోమీటరు. అంటే ఒక మిల్లీమీటరు పలకలో పది లక్షల రేకులు! ఇంకొంచెం లోపలికి వెళ్తే ఆ రేకు కూడా ఒంటిది కాదు, మూడంతస్తులది: పైనా కిందా సిలికా, మధ్యలో అల్యూమినా.

రేకులోని ఎలక్ట్రాన్లన్నీ ఆ అల్లికలోనే కట్టుబడి ఉంటాయి. ఊళ్ళు తిరిగే ఎలక్ట్రాను ఒక్కటీ లేదు, కరెంటు పారే దారీ లేదు. మండడానికి కార్బన్ లేదు. వేడెక్కించగా ఎక్కించగా, ఎన్నో వందల డిగ్రీలు దాటాక, రేకుల్లో బిగిసి ఉన్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) నీరుగా మారి బయటికి పోతుంది. అప్పుడు పొంగి పొడిబారుతుంది. డ్రయ్యరు అంతదాకా పోదు. ఇంకో తమాషా: వేడి రేకు వెంబడి సులువుగా పాకుతుంది, రేకులు దాటి అడ్డంగా పోవాలంటే మొరాయిస్తుంది.

ఒక దిద్దుబాటు. ఇప్పటి డ్రయ్యర్లలో గనిలో వలిచిన పలకలు పెట్టరు. చిన్న పొరల్ని నీళ్ళలో గుజ్జు చేసి, కాగితంలా పరిచి, సిలికోన్ జిగురుతో అదిమిన పలకలు అవి. కొత్త డ్రయ్యరు మొదటిసారి వేస్తే కాస్త వాసన రావడానికి ఆ జిగురూ ఒక కారణం.

అభ్రకం గనులున్న జిల్లాలో ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్సు చెప్పాను. "అభ్రకం మంచి విద్యుద్బంధకం" అని బోర్డు మీద రాసి బట్టీ పట్టించానే గానీ, ఒక్క ముక్క తెచ్చి పిల్లల చేతిలో పెట్టలేదు. సిగ్గుపడాల్సిన విషయమే.

సరే, పొగా వాసనా లేవు కనక పలక కాలలేదు, తీగా బహుశా పోలేదు. మరి ఆగిందేమిటి?

పోయినేడు మా మేనకోడలు తన పార్లర్ డ్రయ్యరు తెచ్చింది. "మామయ్యా, తొమ్మిది వేలది, బాగవుద్దా?" చెడిపోయిన వస్తువు ఇంట్లో ఉంటే దరిద్రమని మా అక్క గొడవ. ప్లగ్గు పీకేసి విప్పాను. తీగ మీద మల్టీమీటరు (వోల్టులూ ఓములూ కొలిచే మీటరు) పెడితే ముప్ఫై మూడు ఓములు. 230 వోల్టుల మీద 1600 వాట్లు కావాలంటే అంతే ఉండాలి, తీగ నిక్షేపంగా ఉంది. పలక పక్కన చిన్న లోహపు గొట్టం, కందిగింజకంటే కాస్త పొడుగు. కరెంటుకి దారి ఉంటే మీటరు బీప్ అంటుంది, దాని రెండు కాళ్ళ మధ్య బీప్ రాలేదు. అదే థర్మల్ ఫ్యూజు.

మీటరు బోర్డులో ఫ్యూజు కరెంటు ఎక్కువైతే పోతుంది. ఇది వేడి ఎక్కువైతే పోతుంది. లోపల ఒక రసాయనపు బిళ్ళ, దానికి ఆనించి నొక్కిపెట్టిన స్ప్రింగు. గొట్టం మీద అచ్చువేసిన డిగ్రీ దగ్గర బిళ్ళ కరుగుతుంది, స్ప్రింగు సాగుతుంది, కాంటాక్టు ఊడుతుంది. చల్లారినా మళ్ళీ అతుక్కోదు. మా డ్రయ్యర్లో అది మొత్తం కరెంటు దారిలోనే ఉంది కనక ఫ్యానూ ఆగింది. కొన్నింట్లో వేడి తీగకే కాపలా ఉంటుంది, అప్పుడు చల్లగాలి వస్తూనే ఉంటుంది.

పాతిక రూపాయలకి అదే డిగ్రీ, అదే ఆంపియర్లది కొత్త ఫ్యూజు తెచ్చి సోల్డరింగు చేశాను. బీప్ లేదు! మూడు వందల డిగ్రీలు దాటిన సోల్డరింగు వేడి కాలు వెంట పాకి బిళ్ళని కరిగించేసింది. వేడికి కరిగే వస్తువుని వేడితో అతికించబోయాను, అదీ ఫిజిక్సు మాస్టారు! నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మిక్సీలు బాగుచేసే అబ్బాయి పడీపడీ నవ్వాడు. "ఏంది సార్, ఫ్యూజుకి కొలిమి పెట్టినారా?" ఇంకోటి తీసి, రెండు చిన్న ఇత్తడి గొట్టాలతో కటింగు ప్లేయరు పెట్టి నొక్కేశాడు. సోల్డరింగు ఊసే లేదు.

ఫ్యూజు తీసేసి తీగ ముక్కతో కలిపే మెకానిక్కులూ ఉన్నారు. వాళ్ళ చేతికి ఇవ్వకండి. గాలి ఆగి తీగ కాలుతుంటే ఆపే చివరి కాపలా ఉండదు, ప్లాస్టిక్ అంటుకోవచ్చు.

కావలి అమ్మాయీ, మీ ధరకి లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉండొచ్చు. అది పోతే సర్వీసు సెంటరు పని. విప్పించేముందు వెనక జాలీ చూడండి. మా మేనకోడలి జాలీకి వెంట్రుకలు, పౌడరు కలిసి దూదిలా పేరుకుపోయాయి. గాలి రాక వేడి లోపలే నిలిచింది, ఫ్యూజు తన పని తాను చేసింది. పాత టూత్ బ్రష్షుతో ఆ దూది తీయకుండా ఎన్ని ఫ్యూజులు మార్చినా అన్నీ కరుగుతాయి.