సీడ్ మనీ: రెండు శాఖల మధ్య జారిపోయే పరిశోధనకు మొదటి ఆసరా

విద్యాసంస్థల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఫైళ్ల వేట మొదలవుతుంది. నింపాల్సిన గడుల్లో ఒకటి, సంస్థ తన అధ్యాపకులకు పరిశోధన కోసం ఏటా సగటున ఎన్ని లక్షల సీడ్ మనీ, అంటే పని మొదలుపెట్టడానికి ఇచ్చే తొలి డబ్బు, ఇచ్చిందన్నది. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఆ గడి నింపుతున్నప్పుడే. అప్పట్లో అది మార్కుల కోసం ఎవరో పెట్టిన పేరనుకున్నాను. దాని వెనక దాదాపు వందేళ్ల చరిత్ర ఉందని తర్వాత తెలిసింది.

1920ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో హ్యారీ స్టీన్‌బాక్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఆహారం మీద అతినీలలోహిత కిరణాలు పడితే అందులో విటమిన్ డి పెరుగుతుందని కనిపెట్టాడు. పిల్లల ఎముకలు వంకర తిరిగిపోయే రికెట్స్ జబ్బుకు అది మందు. సొంత డబ్బు 300 డాలర్లు పెట్టి పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఒక పెద్ద ఆహార కంపెనీ దాదాపు పది లక్షల డాలర్లు ఇస్తామన్నా అమ్మలేదు. ఆ పేటెంట్ ఆదాయం యూనివర్సిటీ పరిశోధనకే పోవాలన్నాడు. తొమ్మిది మంది పూర్వ విద్యార్థులు తలా వంద డాలర్లు వేసుకుని 1925లో ఒక ఫౌండేషన్ పెట్టారు. ఇంగ్లిష్‌లో దాని పొట్టి పేరు వార్ఫ్. 1928లో అది యూనివర్సిటీకి ఇచ్చిన మొదటి గ్రాంటు 1,200 డాలర్లు.

ఈ డబ్బు చేసిన పని చూడాలంటే 1933 ఫిబ్రవరిలో ఒక శనివారానికి వెళ్లాలి. మంచు తుఫానులో ఒక రైతు ట్రక్కేసుకుని అదే యూనివర్సిటీకి వచ్చాడు. వెంట ఒక చచ్చిన పెయ్య, పాల క్యాన్ నిండా గడ్డకట్టని రక్తం, వంద పౌండ్ల పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి. పశువైద్యుల ఆఫీసు కోసం వచ్చిన మనిషి, అది మూసి ఉండడంతో జీవరసాయన శాఖ తలుపు తట్టాడు. లోపల ఉన్నది కార్ల్ పాల్ లింక్. పశువులు నెత్తురు కారి చనిపోవడం పశువైద్యుల సమస్య, గడ్డి పాడవడం వ్యవసాయం వాళ్ల సమస్య, అందులోని విషం ఏమిటన్నది రసాయనం. ఆ గడ్డిలోంచి అసలు పదార్థాన్ని విడదీయడానికి లింక్ బృందానికి ఆరేళ్లు పట్టింది. దాని మీద చేసిన పని 1948 నాటికి ఎలుకల మందు అయింది, 1950ల్లో రక్తం గడ్డకట్టకుండా మనుషులకు ఇచ్చే మందూ అయింది. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లకు ఇచ్చే మందుల్లో ఒకటైన వార్ఫరిన్ అదే. పేరులోని ‘వార్ఫ్’ డబ్బిచ్చిన ఆ ఫౌండేషన్‌దే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారింది. 1950లో పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వచ్చింది, ప్రభుత్వ డబ్బు వెల్లువెత్తింది. సైన్స్‌కు అది చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే దరఖాస్తును చూసే నిపుణుల కమిటీ ఎక్కువగా ఏ శాస్త్రానికి ఆ శాస్త్రంగా కూర్చుంటుంది. రెండు శాస్త్రాల మధ్య పడే ఆలోచన రెండింటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఇది ఉత్త ఫిర్యాదు కాదని 2016లో తేలింది. ఆస్ట్రేలియాలో ఐదేళ్లలో వచ్చిన 18,476 దరఖాస్తులను పరిశీలిస్తే, ఎంత ఎక్కువ శాస్త్రాలు కలిస్తే గ్రాంటు వచ్చే అవకాశం అంత తగ్గుతోందని కనబడింది.

ఈ గండిని యూనివర్సిటీలు సొంతంగా పూడ్చుకోవడం మొదలుపెట్టాయి. స్టాన్‌ఫోర్డ్‌లో బయో-ఎక్స్ కార్యక్రమం 2000 నుంచి ఇలాంటి సీడ్ గ్రాంట్లు ఇస్తోంది. నాకు బాగా నచ్చింది మాత్రం 2012లో మిషిగన్ యూనివర్సిటీ పెట్టిన ఎంక్యూబ్డ్. ఒక్కో అధ్యాపకుడికి 20 వేల డాలర్ల విలువైన ఒక టోకెన్. ముగ్గురు, కనీసం రెండు వేర్వేరు విభాగాల వాళ్లు, తమ టోకెన్లు కలిపితే 60 వేల డాలర్లు వచ్చేసేవి. ఆ డబ్బుతో ఒక విద్యార్థినో, పీహెచ్‌డీ పూర్తయిన పోస్ట్‌డాక్‌నో పెట్టుకుని పని మొదలుపెట్టేవాళ్లు. ముందుగా కూర్చుని మార్కులు వేసే కమిటీ లేదు. ముగ్గురు తోటి శాస్త్రవేత్తలు తమ వాటా పెట్టడానికి ఒప్పుకున్నారంటే అదే సమీక్ష.

డబ్బు ఒక్కటే చాలదని హార్వర్డ్ మెడికల్ స్కూల్లో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. సీడ్ గ్రాంటు ప్రకటించి, ఆసక్తి ఉన్న వాళ్లను లాటరీ పద్ధతిలో వేర్వేరు గదుల్లోకి పంపారు. ఒకే గదిలో 90 నిమిషాలు మాట్లాడుకున్న జంటలు కలిసి దరఖాస్తు చేసే అవకాశం, వేర్వేరు గదుల్లో ఉన్న జంటలతో పోలిస్తే దాదాపు 75 శాతం పెరిగింది. అంత పెద్ద సంస్థలో కూడా పక్క బిల్డింగ్‌లో ఎవరున్నారో తెలియకపోవడమే అడ్డంకి అన్నమాట.

అమెరికాలో ఇలాంటి నిధులకు దాతల విరాళాలు ఒక ఆధారం, ప్రాజెక్టుల మీద కరెంటు, భవనాలు, ఆఫీసు లాంటి ఖర్చులకని సంస్థకు వచ్చే ఓవర్‌హెడ్ ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఆ ఓవర్‌హెడ్‌ను 15 శాతానికి కుదిస్తామన్నప్పుడు యూనివర్సిటీలకు అంత టెన్షన్ పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. కోర్టు ఆ ఉత్తర్వును ఆపింది.

మన దగ్గర ఒకప్పుడు యూనివర్సిటీలకు నిధులిచ్చే యూజీసీ మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టులు మొదటి ఆసరాగా ఉండేవి, అయితే అవి ఎక్కువగా ఒక్కరు ఒక్క సబ్జెక్టులో చేసుకునేవి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 2019లో వచ్చిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదాతో వెయ్యి కోట్ల దాకా వచ్చే వీలు కలిగింది. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ సంగతి ఊహించలేం. అక్కడ సీడ్ మనీ అంటే లక్షా, రెండు లక్షలు. ఆ కాస్త కూడా మంచి పనికి చాలుతుందని నేను నమ్ముతాను, ఎందుకంటే ఒకసారి కళ్లారా చూశాను.

నేను పనిచేసిన ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ నుంచి నేను, సోషియాలజీ నుంచి ఒక మేడమ్ కలిసి లక్షన్నరకు దరఖాస్తు చేశాం. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లున్న ఒక ఊళ్లో, ఇంటింటికీ ఇచ్చిన ఫిల్టర్లను జనం ఎందుకు వాడటం లేదన్నది మా ప్రశ్న. ఆగస్టులో మంజూరైంది. ఫ్లోరైడ్ కొలిచే మీటర్ దగ్గర ఫైలు ఆగింది. “మీటర్ కెమిస్ట్రీదా, సోషియాలజీదా సార్? ఎవరి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాలో తేలితే గానీ ఫైలు కదలదు” అన్నారు సెక్షన్‌లో. అది తేలేసరికి ఫిబ్రవరి వచ్చింది. మార్చి 31కల్లా ఖర్చు చూపించి యూసీ, అంటే డబ్బు వాడేశామన్న ధ్రువపత్రం, ఇవ్వాలి. ఊరికి ఒక్కసారే వెళ్లగలిగాం.

ఆ ఒక్కసారి ఒక ఇంట్లో ఫిల్టర్ డబ్బాలో బియ్యం పోసి ఉన్నాయి. ఫిల్టర్ పాడైందేమో అనుకుని నేను దాని అడుగు చూస్తున్నాను. మేడమ్ మాత్రం ఆ ఇంటావిడ పక్కన కూర్చుని, “ఎందుకు తీసేశారమ్మా?” అని అడిగారు. “నీళ్లు దిగేసరికే పొద్దు పోతది మేడం, కూలికెప్పుడు పోవాలె?” అందావిడ. నా మీటర్‌కు ఎన్నటికీ అందని జవాబు అది. ఎండాకాలంలో మళ్లీ వస్తామని చెప్పి వచ్చాం. అప్పటికి డబ్బు గడువు తీరిపోయింది.