టేబుల్ వ్యూ లెక్క ఎక్కడ తప్పుతోంది?

నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు వచ్చిన లోడ్లను చూపే చిన్న ఐఫోన్ యాప్ ఉందనుకుందాం. తెర మీద 12 వరుసలు, వాటిని చూపేది టేబుల్ వ్యూ. అమ్ముడైన లోడును జాబితాలోంచి తీసేయబోతే యాప్ టక్కున మూతపడింది. వరుస తీసేయమని టేబుల్‌కు చెప్పారు గానీ, లోడ్ల వివరాలు దాచిన జాబితా, అంటే అర్రేలోంచి ఆ లోడును తీయలేదు. టేబుల్ లెక్కలో 11 ఉండాలి. ఆ తెరను నడిపే కోడ్ భాగమైన వ్యూ కంట్రోలర్ మాత్రం 12 అంటోంది. అంతే, క్రాష్.

ఈ తంటా మూలాలు ఐఫోన్ కంటే పాతవి. 1979లో జెరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్‌లో ట్రిగ్వే రీన్‌స్కాగ్ మోడల్-వ్యూ-కంట్రోలర్ ఆలోచన తెచ్చారు: డేటా (మోడల్), తెర (వ్యూ), కంట్రోలర్ వేర్వేరుగా ఉండాలని. అప్పట్లో కంట్రోలర్ పని వాడేవాళ్ల మీటలు, మౌస్ కదలికలు అందుకోవడమే. యాపిల్ దగ్గరికి వచ్చేసరికి అది డేటాకూ తెరకూ మధ్యవర్తి అయింది.

 2008లో డెవలపర్ల చేతికొచ్చిన టేబుల్ వ్యూ డేటాను దాచుకోదు. ఎన్ని వరుసలు, ఏ వరుసలో ఏముంది అని డేటా ఇచ్చే కోడ్ భాగాన్ని, అంటే డేటా సోర్స్‌ను అడుగుతుంది. మొదటి ఐఫోన్ మెమరీ 128 ఎంబీయే కాబట్టి, తెర దాటిపోయిన సెల్‌ను (వరుసను చూపే గడిని) టీకొట్టు గ్లాసులా మళ్లీ వాడుకుంటుంది. సరిగ్గా కడక్కపోతే పాత లోడు ధర కొత్త లోడు పక్కన కనిపిస్తుంది.

ఆ ప్రశ్నలకు కోడ్‌లోని ఏ ఆబ్జెక్ట్ (భాగం) అయినా జవాబు చెప్పొచ్చు. కానీ యాపిల్ ఇచ్చిన రెడీమేడ్ టేబుల్ వ్యూ కంట్రోలర్ తానే డేటా సోర్స్‌గా కూర్చుంది, ట్యుటోరియళ్లూ అదే దారి పట్టాయి. సర్వర్ నుంచి డేటా తేవడం, తేదీలు దిద్దడం అన్నీ అక్కడే చేరాయి. మోడల్-వ్యూ-కంట్రోలర్ పేరును తిప్పి 'మాసివ్ (భారీ) వ్యూ కంట్రోలర్' అన్న వెక్కిరింపు అలా పుట్టిందే. నన్నడిగితే డిజైన్ కంటే ఈ అలవాటుదే ఎక్కువ తప్పు.

డేటాలోని మార్పులను టేబుల్‌కు చేరవేసే ఫెచ్డ్ రిజల్ట్స్ కంట్రోలర్ 2009లో వచ్చింది గానీ, యాపిల్ డేటా నిల్వ పద్ధతి కోర్ డేటా వాడేవాళ్లకే ఉపయోగపడింది. మిగతావాళ్లు ఏ మార్పు జరిగినా రీలోడ్ డేటా (మొత్తం టేబుల్‌ను మళ్లీ గీయించే ఆదేశం) కొట్టి గట్టెక్కారు. అసలు మందు 2019లో, ఐఓఎస్ 13తో వచ్చిన డిఫబుల్ డేటా సోర్స్. కొత్త జాబితా మొత్తాన్నీ స్నాప్‌షాట్‌గా ఇస్తే పాతదానితో తేడాలు అదే చూసుకుంటుంది. ప్రతి అంశానికీ వేరే ఐడీ ఉండాలన్నదే షరతు. రైతు పేరునే ఐడీగా పెడితే, ఒకే పేరున్న ఇద్దరు వచ్చిన రోజు మళ్లీ క్రాషే.

నల్లగొండలో 2023లో ఐటీ టవర్ తెరిచేనాటికి పాత పద్ధతికి 15 ఏళ్లు. పాత ప్రాజెక్టుల్లో ఇప్పటికీ అదే కోడ్ ఎదురవుతుంది. అక్కడ ముందు అర్రే మార్చాలి, వెంటనే టేబుల్‌కు చెప్పాలి, రెండూ మెయిన్ థ్రెడ్, అంటే తెర పనులు నడిచే దారి మీదే.