రౌటర్‌కు రెండు తాళాలు

టెక్నీషియన్ లైను కలిపి, ఫోన్‌లో ఒక వీడియో ఆడించి చూపించి, వైఫై పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతారు. నెట్ వచ్చేసింది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. రౌటర్‌కు తాళాలు వేసే పని మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. అది ఇంట్లోవాళ్లే చేసుకోవాలి. ఓ అరగంట కూర్చుంటే చాలు.

రౌటర్‌కు పాస్‌వర్డ్‌లు రెండు. వైఫై పాస్‌వర్డ్ ఇంటి నెట్‌వర్క్‌లోకి రానిస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ రౌటర్ సెట్టింగ్స్‌ను మార్చనిస్తుంది. చాలామంది మొదటిదాన్ని మార్చి ఊరుకుంటారు. కానీ అసలు ముఖ్యమైనది రెండోదే. అది చేజిక్కితే వైఫై పాస్‌వర్డ్‌ను చూడనూ వచ్చు, మార్చనూ వచ్చు.

రౌటర్‌ను తిరగేసి కింద ఉన్న స్టిక్కర్ చూడండి. 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి చిరునామా, దాని పక్కనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ చిరునామాను బ్రౌజర్‌లో కొడితే రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. ఆ రెండు చోట్లా ‘అడ్మిన్’ అనే ఉంటే, అదే మోడల్ కొన్న ప్రతి ఇంటి తాళంచెవీ ఒకటే అన్నమాట. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాం) లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టుకున్నది ఇలాగే. దాని దగ్గర పెద్ద విద్యేమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన పేరు, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై చిల్లర ఉన్న జాబితా మాత్రమే ఉంది. కనిపించిన ప్రతి పరికరం మీదా వాటిని వరసగా ప్రయోగించింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలా పట్టుబడ్డ పరికరాలు పెద్ద సంఖ్యలో కలిసి డిన్ అనే సంస్థ డీఎన్ఎస్ సర్వర్ల మీద, అంటే సైట్ల పేర్లను నంబర్లుగా మార్చి చెప్పే కంప్యూటర్ల మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు.

సెట్టింగ్స్ పేజీ ఇంటి లోపలి నుంచే తెరుచుకుంటుంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. మీ బ్రౌజర్ ఇంటి లోపలే ఉంది. హానికరమైన వెబ్ పేజీ ఒకటి తెరిస్తే, అది ఆ బ్రౌజర్ చేతే 192.168.1.1కు ఆదేశాలు పంపించగలదు. పాస్‌వర్డ్ పాతదే అయితే, రౌటర్‌లో రక్షణ సరిగా లేకపోతే, అవి పనిచేస్తాయి కూడా. అప్పుడు సాధారణంగా మార్చేది డీఎన్ఎస్ చిరునామాను. సైటు పేరును ఐపీ నంబరుగా మార్చి చెప్పేది డీఎన్ఎస్సే కాబట్టి, మీరు బ్యాంకు పేరు అక్షరం తప్పకుండా కొట్టినా ఆ మారిన డీఎన్ఎస్ మిమ్మల్ని వేరే చోటికి తీసుకెళ్లగలదు. అలాంటప్పుడు బ్రౌజర్ సాధారణంగా సర్టిఫికెట్ (సైటు అసలుదేనని చూపే గుర్తింపు) సరిగా లేదని హెచ్చరిస్తుంది. దాన్ని దాటి ముందుకు వెళ్లకండి.

పని మొదలుపెట్టేముందు కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. వైఫై పేరు మార్చిన మరుక్షణం వైఫై మీద ఉన్న కనెక్షన్ తెగిపోతుంది, సగం పనిలో ఆగిపోతారు. తర్వాత సెట్టింగ్స్‌లో వ్యాన్ (బయటి లైను) లేదా ఇంటర్నెట్ అనే పేజీ తెరిచి, అందులోని పీపీపీఓఈ యూజర్‌నేమ్, వీల్యాన్ నంబరు (సర్వీసు కంపెనీ లైనును కలపడానికి వాడే వివరాలు) ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పీపీపీఓఈ పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని సర్వీసు కంపెనీని అడిగి రాసిపెట్టుకోండి. ఎప్పుడైనా రీసెట్ కొడితే ఇవన్నీ చెరిగిపోతాయి. అవి లేకుండా చాలా కనెక్షన్లలో లైను రాదు.

ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాత ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్. ఇది వాయిదా వేసే పని కాదు. 2018లో కొన్ని జీపాన్ ఫైబర్ రౌటర్లలో బయటపడ్డ లోపం చూడండి: చిరునామా చివర ప్రశ్నార్థకం, ‘ఇమేజెస్’ అనే మాట, ఒక ఏటవాలు గీత చేరిస్తే చాలు, పాస్‌వర్డ్ అడగకుండానే సెట్టింగ్స్ పేజీ తెరుచుకునేది. అలాంటి లోపాన్ని ఎంత గట్టి పాస్‌వర్డైనా ఆపలేదు, అప్‌డేట్ ఒక్కటే ఆపుతుంది. అది నడుస్తున్నంతసేపూ కరెంటు తీయకండి. మధ్యలో ఆగితే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇక వైఫై. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 (వైఫైకి ఉన్న కొత్త రక్షణ పద్ధతి) ఎంచుకోండి. పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది తీసుకోండి. అదీ లేకపోతే డబ్ల్యూపీఏ2తో ఏఈఎస్ అనే సంకేతీకరణ. టీకేఐపీ అనే పాత రకం మాత్రం వద్దు. అది పాతబడి బలహీనపడింది, పైగా దానితో వేగం 54 ఎంబీపీఎస్ దాటదు. పెద్ద ప్లాన్ తీసుకున్నా నెట్ నెమ్మదిగా ఉందని వాపోయే ఇళ్లలో ఒక్కోసారి కారణం ఇదే.

డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ ఎందుకు గట్టిగా ఉండాలో లెక్క చూస్తే తెలుస్తుంది. ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు జరిగే పలకరింపును గాలిలోంచి పట్టుకుంటే చాలు, ఆ తర్వాత ఎవరి కంట్లోనూ పడకుండా తీరిగ్గా ఊహించుకోవచ్చు. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల ఊహలు పరీక్షిస్తుంది. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్‌కు ఉండేవి పది కోట్ల అవకాశాలే, అంటే 100 సెకన్ల పని. పది అంకెల ఫోన్ నంబరు పెట్టుకుంటే మూడు గంటల లోపే. అదే చిన్న అక్షరాలూ అంకెలూ ఎలా పడితే అలా కలిపిన 12 గుర్తులైతే లక్షన్నర సంవత్సరాలు. డబ్ల్యూపీఏ3లో ఈ దొంగచాటు ఊహలకు వీల్లేదు, ప్రతి ప్రయత్నానికీ రౌటర్‌నే అడగాలి. వైఫై పేరు కూడా మార్చండి. డబ్ల్యూపీఏ2 తాళం తయారీలో పేరు కూడా కలుస్తుంది కాబట్టి, అందరికీ ఉండే ఫ్యాక్టరీ పేర్లకు ముందే లెక్కలు కట్టిన పట్టికలు దొంగలకు పనికొస్తాయి.

డబ్ల్యూపీఎస్ పిన్ (పాస్‌వర్డ్ బదులు కొట్టి వైఫైలో చేరే సంఖ్య) అనేది ఉంటే ఆపేయండి. ఎనిమిది అంకెలు కదా అనిపిస్తుంది. కానీ చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టేది, పైగా రౌటర్ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది. మొదటి నాలుగు అంకెలకు 10,000, తర్వాతి మూడింటికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు. 2011 చివర్లో ఈ లోపం బయటపడింది. పిన్ దొరికితే 63 గుర్తుల వైఫై పాస్‌వర్డైనా వృథా, రౌటరే దాన్ని చెప్పేస్తుంది.

బయటి నుంచి సెట్టింగ్స్ మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్, దూరం నుంచి ఆదేశాలు ఇచ్చే పాత పద్ధతి టెల్నెట్ ఆపేయండి. యూపీఎన్‌పీ కూడా ఆపి చూడండి. ఇంట్లోని ఏ పరికరమైనా ఎవరినీ అడగకుండా బయటికి దారి తెరుచుకునే ఏర్పాటు అది. ఆన్‌లైన్ గేములకు అడ్డం వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ చిరునామాల పద్ధతి, పాతది ఐపీవీ4) ఉంటే దాని ఫైర్‌వాల్, అంటే బయటివాటిని అడ్డుకునే రక్షణ ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి. ఐపీవీ4లో ఒకే చిరునామా వెనక ఇల్లంతా దాగినట్టు ఐపీవీ6లో ఉండదు, ప్రతి పరికరానికీ బయటికి కనిపించే సొంత చిరునామా ఉంటుంది.

స్మార్ట్ టీవీ, కెమెరా, బల్బులు గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే అతిథుల కోసం విడిగా ఉండే వైఫైలో పెట్టండి. వాటికి అప్‌డేట్లు త్వరగా ఆగిపోతాయి. వాటిలో ఒకటి చెడినా మీ కంప్యూటర్ దాకా రాకుండా ఉంటుంది. వైఫై పేరు దాచడం, మ్యాక్ ఫిల్టర్ (పరికరాల గుర్తింపు నంబర్లయిన మ్యాక్ చిరునామాల జాబితాతో రానివ్వడం) పెట్టడం మీద సమయం పోగొట్టుకోకండి. ఆ పేరూ, మ్యాక్ చిరునామాలూ గాలిలో బాహాటంగానే తిరుగుతాయి.

చివరగా బయటి నుంచి పరీక్ష. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ ఇంటి ఐపీ నంబరు (రౌటర్ వ్యాన్ పేజీలో కనిపించేది) బ్రౌజర్‌లో కొట్టండి. లాగిన్ పేజీ కనిపిస్తే రిమోట్ మేనేజ్‌మెంట్ ఇంకా తెరిచే ఉంది. రౌటర్‌లో కనిపించే వ్యాన్ నంబరు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కంపెనీ చాలా ఇళ్లను ఒకే చిరునామా వెనక ఉంచిందని అర్థం, అక్కడ ఈ పరీక్ష పనిచేయదు.

నెలకోసారి డీఎన్ఎస్ నంబర్లు, కలిసిన పరికరాల జాబితా చూడండి. ఇప్పటి ఫోన్లు మ్యాక్ చిరునామా మార్చి చూపిస్తాయి కాబట్టి తెలియని పేరు కనిపించగానే కంగారు వద్దు, ముందు ఇంట్లో ఫోన్లన్నీ లెక్కపెట్టండి. డీఎన్ఎస్ మాత్రం దానంతటదే మారిందనిపిస్తే రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి దీపాలన్నీ ఆరి వెలిగేదాకా, అంటే పది సెకన్లకు పైగా నొక్కి, ఆ ఫొటోలు ముందు పెట్టుకుని మళ్లీ అడ్మిన్ పాస్‌వర్డ్ నుంచి మొదలుపెట్టండి.