ఏటిగట్టు చెట్లకు రోజూ నీళ్లు పోయాలా? పెరటి తోటలో అపోహలు - వాస్తవాలు

అపోహ: మద్ది, నేరేడు, కానుగ ఏటిగట్టు చెట్లు కాబట్టి రోజూ తడపాలి.

వాస్తవం: తిరుపతి వైపు పారే స్వర్ణముఖి ఏటిని ఎండాకాలంలో చూసినవాళ్లు ఈ మాట అనరు. పైన ఇసుక కాలిపోతున్నా గట్టు మీది కానుగ పచ్చగానే ఉంటుంది, దాని వేరు అడుగున ఉన్న చెమ్మను పట్టుకుంది కనుక. పెరట్లో రోజూ చెంబెడు పోస్తే తడి నాలుగంగుళాలు దాటదు, వేళ్లూ అక్కడే తిరుగుతాయి. మే నెలలో రెండు రోజులు ఊరెళ్లొచ్చేసరికి మొక్క వాడిపోయేది అందుకే.

రెండడుగుల గుంత తీసి, అదే మట్టికి ఐదో వంతు మాగిన పశువుల ఎరువు కలిపి పూడ్చండి. గుంతంతా ఎరువే నింపితే అది కుంగి మొక్క మొదలు పల్లంలో పడుతుంది, వేళ్లు బయటి గరప నేలలోకి పోవడానికి బద్ధకిస్తాయి. చుట్టూ మూడడుగుల పాది కట్టి, మొదటి వేసవిలో నాలుగైదు రోజులకోసారి రెండు బిందెలు, అంటే సుమారు 30 లీటర్లు, మెల్లగా ఇంకేలా పోయాలి. రెండో ఏడు పది రోజులకోసారి చాలు. పాదిలో మూడంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, మొదలుకు మాత్రం బెత్తెడు ఎడంగా. తగిలితే చెదలకు దారి చూపినట్టే.

అపోహ: తొలకరికే నాటాలి.

తిరుపతి, శ్రీకాళహస్తి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరు చివర్లో నాటితే ఎండలు ముదిరేలోపు వేరు దిగడానికి ఐదారు నెలలు దొరుకుతాయి.

అపోహ: నేరేడు గింజలు ఎండబెట్టి దాచుకోవచ్చు.

ఎండితే మొలకెత్తవు. పండు తిన్న వారంలోపే గుజ్జు కడిగి, మట్టి నింపిన సంచుల్లో నాటాలి. మద్ది కాయలైతే రెండు రోజులు నీళ్లలో నానాలి. వావిలికి విత్తనంతో పనే లేదు: పెన్సిలంత లావు, జానెడు పొడవు కొమ్మ కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి. తలకిందులుగా గుచ్చి, వేరు రాలేదని వాపోయేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఏటి ఒడ్డున పెరిగేదంతా మన మొక్కే.

సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. నీటి ఒడ్డున పెరిగే జమ్ము గడ్డి మనదే అయినా చిన్న తొట్టిలోకి తేవద్దు, దుంపవేరుతో పాకి మిగతావాటికి చోటివ్వదు.

అపోహ: వట్టివేరు తోటంతా పాకిపోతుంది.

సాగులో ఉన్న దక్షిణాది రకం పిలకలతో కుదురుగానే పెరుగుతుంది. వంటింటి నీళ్లు పారే చోట, వాలుకు అడ్డంగా, ఆరంగుళాలకో పిలక నాటండి. ఎండ మాత్రం నిండుగా తగలాలి. నీడలో పీలగా సాగి పడిపోతుంది.

మేడి వేళ్లు గోడల్లోకి, ట్యాంకుల్లోకి చొరబడతాయన్న భయం మాత్రం అపోహ కాదు. సెప్టిక్ ట్యాంకుకు, గోడకు 30 అడుగుల దూరం లేకపోతే దాని జోలికి పోకండి.