మూడు ఫొటోలు పంపి ‘ఏది మంచిది తాతయ్యా’ అంటే

చిరంజీవులు పెద్దాడికి, చిన్నాడికి, బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం. మీరు ముగ్గురూ స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్ కొందామని తలొక మెషిన్ ఫొటో పంపి, కింద ‘ఏది మంచిది తాతయ్యా?’ అని అడిగారు. వాట్సాప్‌లోనే రెండు ముక్కల్లో చెప్పేద్దామని మొదలుపెట్టాను. బొటనవేలు నొప్పి పుట్టింది గానీ సంగతి తెమల్లేదు. అందుకే కాగితం, పెన్ను తీశాను. రాసి, దీన్నే ఫొటో తీసి పంపిస్తాను. అక్షరాలు కాస్త వంకరగా ఉంటే సర్దుకోండి.

మీరు పంపిన మూడింటిలో ఇంపాక్ట్ డ్రైవర్లు రెండే. చిన్నాడు పంపింది ఇంపాక్ట్ డ్రిల్. ఒరేయ్, పేరు సగం కలిసినంత మాత్రాన పని కలవదు. షాపుకెళ్లి ‘ఇంపాక్ట్ ఇవ్వండి’ అంటే చాలాచోట్ల వైరున్న ఇంపాక్ట్ డ్రిల్లే తీసి బల్ల మీద పెడతారు. అది గోడకు బెజ్జం వేసేది. సుత్తితో ఉలి నెత్తిన కొట్టినట్టు, అందులో దెబ్బ బిట్టు (మెషిన్ మూతిలో పెట్టే ఉక్కు పుల్ల) వెనక నుంచి ముందుకు పడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్‌లో దెబ్బ ముందుకు పడదు, తిరిగే వైపు పడుతుంది. తుప్పు పట్టిన నట్టు కదలకపోతే పానా పిడి మీద సుత్తితో ఠప్పున కొడతాం చూడండి, అదీ దాని పని. స్క్రూలు బిగించడానికి, ఊడదీయడానికి పుట్టింది. స్లాబుకు బెజ్జం వేయమంటే మొరాయిస్తుంది.

ఇదే కుటుంబంలో ఇంపాక్ట్ రెంచ్ అని ఇంకొకటుంది. డ్రైవర్ మూతిలో పావు అంగుళం ఆరు పలకల బిట్టు దూరుతుంది. రెంచ్‌కు చాలావాటిలో అర అంగుళం చదరపు కడ్డీ ఉంటుంది, దానికి సాకెట్ తొడగాలి. అది మెకానిక్కుల సామాను. పెట్టె మీద అక్షరాలు చూస్తే మోసపోరు. బాష్ కంపెనీ నీలం మెషిన్లలో జీడీఆర్ అంటే ఇంపాక్ట్ డ్రైవర్, జీడీఎస్ అంటే రెంచ్, జీఎస్‌బీ అంటే ఇంపాక్ట్ డ్రిల్, జీఎస్ఆర్ అంటే దెబ్బ లేకుండా బెజ్జాలు వేసి, స్క్రూలు బిగించే మామూలు డ్రిల్ డ్రైవర్. మకితాలో డీటీడీ అంటే మనక్కావలసిన డ్రైవర్, డీటీడబ్ల్యూ రెంచ్, డీడీఎఫ్ డ్రిల్ డ్రైవర్. ఇంతకీ చిన్నాడూ, నువ్వు పంపినదాని మీద ఏం రాసుందో ఇప్పుడు చూసుకో.

మొన్న ఆదివారం నా పాత ఇంపాక్ట్ డ్రైవర్‌ని పేపరు పరిచి విప్పాను. ఎలాగూ గ్రీజు మార్చాలి. ముందున్న అల్యూమినియం మూతి ఊడదీస్తే లోపల పెద్ద విచిత్రమేమీ లేదు, చిన్నసైజు కమ్మరి కొలిమి. ఒక దాగలి (దెబ్బ తినే దిమ్మ), ఒక సుత్తి, సుత్తి వెనకాల బలమైన స్ప్రింగు. దాగలికి రెండు చెవులు, సుత్తికి రెండు కొమ్ములు. సుత్తి లోపలి వైపు ఏటవాలు గాడులు, వాటిలో రెండు ఉక్కు గోళీలు. స్క్రూ తేలిగ్గా దిగుతున్నంతసేపూ అన్నీ కలిసి తిరుగుతాయి, చప్పుడుండదు. స్క్రూ బిగుసుకుని దాగలి ఆగిందనుకోండి, మోటారు మాత్రం ఆగదు. గోళీలు ఏటవాలు గాడిలో ఎక్కుతూ సుత్తిని వెనక్కి లాగుతాయి, స్ప్రింగు ముడుచుకుంటుంది. కొమ్ములు చెవులను దాటగానే స్ప్రింగు సుత్తిని ముందుకు తోస్తుంది. అది తిరిగే ఊపు మీదే వెళ్లి దాగలి చెవుల్ని పక్కనుంచి చరుస్తుంది. ఇది సెకనుకు యాభై, అరవై సార్లు జరుగుతుంది. మీరు వినే ఆ గరగర శబ్దం అదే. పెట్టె మీద ‘3600 ఐపీఎం’ అని ఉంటే నిమిషానికి అన్ని దెబ్బలని అర్థం.

ఇలా దెబ్బలు కొట్టడంలో చేతికి ఒక సుఖముంది. మామూలు డ్రిల్ డ్రైవర్‌తో పొడుగాటి స్క్రూ దింపుతుంటే అది ఎక్కడో పట్టేస్తుంది, మెషిన్ మీ మణికట్టును తిప్పేస్తుంది. నా కుడి మణికట్టు చలికాలంలో ఇప్పటికీ ఆ సంగతి గుర్తుచేస్తుంటుంది. ఇంపాక్ట్‌లో ప్రతి దెబ్బా కన్నుమూసి తెరిచేంత కూడా ఉండదు కాబట్టి ఎదురు తిప్పు చేతిదాకా పెద్దగా రాదు. పైగా దెబ్బకూ దెబ్బకూ మధ్య బిట్టు స్క్రూ తలలో మళ్లీ కుదురుకుంటుంది. స్టార్ స్క్రూ తల తినేయడం తగ్గుతుంది. తగ్గుతుంది అన్నాను గానీ పోతుందని అనలేదు. అరిగిన బిట్టు పెడితే ఏ మెషినూ కాపాడదు. 1960లలో అమెరికా వాళ్ల జెమిని అంతరిక్ష యాత్రల కోసం బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్లు ఒక రెంచ్ తయారుచేశారు. భారం తెలియనిచోట బోల్టు తిప్పబోతే మనిషే గిర్రున తిరుగుతాడు కదా. బోల్టు తిరగాలి, వ్యోమగామి తిరగకూడదు. నిచ్చెన మీద ఒంటి కాలితో నిలబడి ఫాల్స్ సీలింగ్ బిగించేవాడి కష్టమూ దాదాపు అదే అనిపిస్తుంది నాకు.

ఇక మీ ముగ్గురూ కొట్టుకుంటున్న టార్క్ (తిప్పే బలం) సంగతికి వద్దాం. ఉదాహరణకు మూడు డ్రైవర్లు చూడండి. బాష్ 12 వోల్టుల జీడీఆర్ 120 మీద 100 న్యూటన్ మీటర్లని ఉంటుంది. మకితా డీటీడీ 153 మీద 170. డివాల్ట్ డీసీఎఫ్ 887 మీద 205. కాబట్టి మూడోదే గొప్పదని పెద్దాడి లెక్క. నాయనా, 100 న్యూటన్ మీటర్లంటే ఎంతో తెలుసా? మీటరు పొడుగున్న పానా తీసుకుని, దాని చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే అంత. తలుపు కబ్జా స్క్రూకి అంత బలం పెడితే స్క్రూ మెడ విరుగుతుంది. చిన్న కారు చక్రాల నట్లు బిగించేదే ఆ దరిదాపుల్లో. పైగా పెట్టె మీద రాసేది దెబ్బల మీద దెబ్బలు పడ్డాక చేరే పైమెట్టు. చెక్కలోకి స్క్రూ దిగేటప్పుడు మెషిన్ అక్కడిదాకా పోదు. మీ పనిలో 170కీ 205కీ తేడా మీ చేతికి తెలియదు. 12 వోల్టులకీ 18 వోల్టులకీ మధ్య తేడా మాత్రం మూడంగుళాల స్క్రూ దగ్గర తెలుస్తుంది.

వోల్టుల దగ్గర ఇంకో తిరకాసుంది. ఒకడు 18 అని రాస్తాడు, ఇంకొకడు 20 మ్యాక్స్ అంటాడు. రెండింటిలోనూ వరుసగా కలిపిన లిథియం సెల్లులు ఐదే. ఒక్కోటి 3.6 అని లెక్కేస్తే 18, అప్పుడే చార్జింగ్ నుంచి తీసినప్పుడు 4 అని లెక్కేస్తే 20. అమెరికాలో 20 అని అమ్మేదాన్నే ఐరోపాలో 18 అని అమ్ముతారు. 10.8 అన్నా 12 మ్యాక్స్ అన్నా అదే కథ, అందులో సెల్లులు మూడు. మన వీధి చివర కుర్రాడొకడు ‘88 వీఎఫ్’ అని పెద్దక్షరాలున్న మెషిన్ తక్కువ ధరకు తెప్పించుకుని సంబరంగా చూపించాడు. బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 20 చిల్లర చూపింది. వాడి మొహం చూసి నాకే జాలేసింది. పాపం మెషిన్ పనిచేస్తుంది, అబద్ధమల్లా అంకెదే.

అసలు పోల్చాల్సింది బ్యాటరీని. మెషిన్ ఒక్కసారి కొంటారు, బ్యాటరీ ఒక కంపెనీది కొన్నారంటే తర్వాత కొనే డ్రిల్లూ, గ్రైండరూ, బ్లోయరూ అదే ఇంటివి కొనక తప్పదు. మామూలుగా ఒకరి బ్యాటరీ ఇంకొకరి మెషిన్‌కు ఎక్కదు. సంబంధం చూసినట్టు చూడాలి. వోల్టుల్ని ఆంప్ అవర్‌తో (బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) హెచ్చిస్తే వాట్ అవర్, అంటే అందులో ఉన్న మొత్తం శక్తి వస్తుంది: 18 వోల్టుల 2 ఆంప్ అవర్‌ది 36, 5 ఆంప్ అవర్‌ది 90. ఎక్కువసేపు రావడమే కాదు, బలమూ మారుతుంది. చిన్నదానిలో ఐదు సెల్లులు ఒకటే వరుస, పెద్దదానిలో మామూలుగా రెండు వరుసలుంటాయి. గట్టి స్క్రూ తగిలినప్పుడు బరువును పంచుకుంటాయి కాబట్టి వోల్టేజీ అంతగా కుంగదు. ఒకే మెషిన్‌కు రెండు బ్యాటరీలూ మార్చి మార్చి పెట్టి చూస్తే మెషినే మారినట్టుంటుంది. కాకపోతే పెద్దది బరువు. రోజంతా తల మీదకెత్తి పనిచేసేవాడికి చిన్నదే నయం.

ఎండాకాలం సంగతి కూడా చెబుతాను. మకితా వాళ్ల పుస్తకంలో 10 నుంచి 40 డిగ్రీల మధ్య చార్జింగ్ పెట్టమని ఉంటుంది. మన రామగుండం, కొత్తగూడెం వైపు మే నెల మధ్యాహ్నం నీడలోనే అది దాటుతుంది. పనిచేసి వేడెక్కిన బ్యాటరీని అలాగే చార్జర్‌లో గుచ్చకండి. పాలగిన్నె చల్లారినట్టు చల్లారనివ్వండి. స్కూటర్ డిక్కీలో వదిలేయకండి.

బుజ్జమ్మా, మీ బాబాయి అమెరికా నుంచి వస్తూ తెస్తానన్నాడని రాశావు. నాలుగేళ్ల కిందట నాకూ అలాగే ఒక సెట్టు వచ్చింది. సంతోషం పట్టలేక, ప్లగ్గు పిన్నులు సరిపోవట్లేదని రెండు రూపాయల పనికిమాలిన అడాప్టర్ తగిలించి చార్జర్‌ను గోడలో పెట్టాను. ‘టప్’మంది, సన్నగా పొగ వచ్చింది. అది 120 వోల్టులది, మన గోడలో 230. చార్జర్ వెనక స్పష్టంగా రాసే ఉంది, చదవనిది నేను. అదే కంపెనీ చార్జర్ ఇక్కడ కొన్నాక బ్యాటరీలు మాత్రం శుభ్రంగా ఎక్కాయి. బాబాయికి ఇంకో మాట చెప్పు. విడి బ్యాటరీలను చేతి సంచిలోనే తేవాలి, పెద్ద పెట్టెలో వేయనివ్వరు. 100 వాట్ అవర్లు దాటితే విమాన కంపెనీని అడగాలి. 5 ఆంప్ అవర్‌ది 90, ఇబ్బంది లేదు. 6 అయితే 108.

బ్రష్‌లెస్ మోటారు గురించి అడిగారు. మీ ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాన్ ఉందిగా, అందులోదీ అదే. కార్బన్ బ్రష్షులుండవు, అరగవు, వేడి తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. డబ్బులుంటే అదే కొనండి.

షాపుకు ఉత్త చేతులతో వెళ్లకండి. నేనైతే సంచిలో ఎండిన తుమ్మ చెక్క ముక్క, మూడంగుళాల స్క్రూలు నాలుగు, కొత్త పీహెచ్ 2 (స్టార్ స్క్రూలకు పెట్టే) బిట్టు వేసుకుపోతాను. ప్లైవుడ్ మీద ఏ మెషినైనా వీరుడే, తుమ్మ దగ్గర నిజం బయటపడుతుంది. ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కాలి. మంచిదైతే బిట్టు నత్తలా మొదలై మీరు చెప్పినట్టు వేగం పెంచుతుంది, నాసిదైతే ఒక్కసారిగా ఉరుకుతుంది. బిట్టు మొన ఊగుతోందా చూడండి. బ్యాటరీ పెట్టి, చెయ్యి తలపైకెత్తి నిమిషంసేపు పట్టుకోండి. మూతి నుంచి వెనకదాకా ఎంత పొడుగో కొలవండి. డీటీడీ 153 అయితే 126 మిల్లీమీటర్లు. కిచెన్ కప్‌బోర్డు లోపల తలదూర్చి కబ్జా బిగించినప్పుడు ఆ సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి రాణిగంజ్‌లో ఇంకో నాలుగు షాపులుంటాయి.

కొనేముందు మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, ట్రిగ్గర్ స్విచ్ పోతే ఎన్నాళ్లకు దొరుకుతుందో అడగండి. బిల్లు తీసుకోండి. ఉత్త మెషిన్ ధర, కిట్ ధర వేరువేరుగా ఉంటాయి. ఉత్తది చూసి చవకనుకుని ఇంటికి తెచ్చాక, బ్యాటరీ, చార్జర్ కోసం మళ్లీ పర్సు తీయాల్సి వస్తుంది.

ఇంపాక్ట్ డ్రైవర్‌కు డ్రిల్ డ్రైవర్‌లా క్లచ్ ఉండదు. ఇంత బిగువయ్యాక ఆగు అని ముందే చెప్పే వీలు లేదు, మీ వేలే క్లచ్. స్విచ్‌బోర్డు ప్లేటు బిగించబోతే ఫట్టున పగులుతుంది, ఇత్తడి స్క్రూలు తెగుతాయి. గరగర మొదలవగానే వేలు వదలడం అలవాటు చేసుకోండి. చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. మీ అమ్మమ్మ పిలిస్తే పలకనిది అందుకే, పొగరుతో కాదు.

ఇప్పుడు తలా ఒక తీర్పు. బుజ్జమ్మా, నీ ఫ్లాటులో కర్టెన్ రాడ్లూ, షెల్ఫులే కదా, నీకు అసలు ఇంపాక్ట్ డ్రైవర్ వద్దు. క్లచ్, గోడకు బెజ్జం వేసే దెబ్బ రెండూ ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్ ఒకటి చాలు. పెద్దాడు మాడ్యులర్ కిచెన్ల పనిలోకి దిగుతున్నాడు కాబట్టి 18 వోల్టుల బ్రష్‌లెస్, 2 ఆంప్ అవర్ బ్యాటరీలు రెండు. మిగిలిన డబ్బులతో ఇంపాక్ట్ కోసమే చేసిన బిట్లు మంచివి కొనుక్కో, మామూలు బిట్లు ఆ దెబ్బలకు పుటుక్కున విరుగుతాయి. చిన్నాడూ, నీకు బైకు పనికి కావాలంటున్నావు. ఇంజన్ కేసు స్క్రూలు అల్యూమినియంలో ఉంటాయి, బిగించేటప్పుడు ఇంపాక్ట్ పెడితే లోపలి మర పోతుంది. ఊడదీయడానికి 12 వోల్టులది తీసుకో, బిగించేది మాత్రం చేత్తో.

తుమ్మ ముక్క ఒకటి కోసి, ఎండబెట్టి పెరట్లో పెట్టాను. దసరాకు వచ్చినప్పుడు పట్టుకెళ్లండి. అప్పటిదాకా తొందరపడి ఆర్డర్ పెట్టకండి, ముఖ్యంగా పెద్దాడు.

ఉంటాను.
మీ తాతయ్య