మైకులో చెప్పాం కదా! విపత్తు వేళ దివ్యాంగుల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

2014లో దసరా వెళ్లి దీపావళి ఇంకా రాకముందు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదికే వచ్చింది. అప్పటి నుంచి ఏటా వానాకాలం చివరికి వచ్చేసరికి వార్డు సిబ్బందికో, యువజన సంఘాలకో, మత్స్యకార గ్రామాల పెద్దలకో శిక్షణ ఇవ్వడం నా పనిగా మారింది. విపత్తు వచ్చినప్పుడు దివ్యాంగులు వెనక మిగిలిపోకుండా ఏం చేయాలన్నదే అక్కడి పాఠం. ఎదురుగా కూర్చునేవాళ్లు మంచివాళ్లే, తుఫాను రాత్రి నిద్ర మానుకుని తిరిగేవాళ్లే. అయినా వాళ్ల నోట కొన్ని మాటలు పదేపదే వింటుంటాను. ఒకప్పుడు నేనూ అన్నవే అందులో సగం.

అపోహ: "మా వార్డులో అలాంటివాళ్లు ఐదారుగురే ఉంటారండీ."

వాస్తవం: ఆ ఐదారుగురూ పింఛను జాబితాలో ఉన్నవాళ్లు. వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం అని పడితేనే ఆ జాబితాలోకి పేరు ఎక్కుతుంది. తుఫానుకు ఆ శాతంతో పని లేదు. మోకాళ్లు పట్టేసి మేడ మెట్లు దిగలేని పెద్దావిడ, పక్షవాతం వచ్చి ఏడాదైనా ధ్రువపత్రానికి వెళ్లని మేస్త్రీ, బుద్ధిమాంద్యం ఉందని ఇంట్లోవాళ్లు బయటికి చెప్పుకోని పిల్ల, వీళ్లెవరూ అందులో ఉండరు. 2011 జనగణన మన దేశంలో దివ్యాంగులు 2.21 శాతం అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రపంచ జనాభాలో 16 శాతం అంది. ఇంత తేడా రావడానికి ఒక పెద్ద కారణం అడిగే తీరు.

"మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరైనా "లేరు" అనే అంటారు. వైకల్యాన్ని లెక్కించడానికి పలు దేశాల్లో వాడే వాషింగ్టన్ గ్రూపు ప్రశ్నలని ఆరు ఉన్నాయి. చూడటం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, తన పనులు తాను చేసుకోవడం, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం. వీటిలో దేనికైనా కష్టం ఉందా, కొంచెమా, చాలానా, అసలు వల్ల కాదా? ఈ తీరులో అడిగి చూడండి. "మా అత్తగారికి రాత్రిపూట అసలు కనబడదు" అని వాళ్లే మొదలుపెడతారు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దివ్యాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలని, ముప్పు ఉంటే వారికి తగిన రీతిలో తెలియజేయాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. పింఛను జాబితాకు నకలు తీసి పెట్టుకుంటే ఆ పని అయిపోయినట్టు కాదు.

అపోహ: "మైకులో చెప్పాం కదా!"

వాస్తవం: ఆటోకు మైకు కట్టి వీధి వీధీ తిప్పుతాం. వినబడనివారికి ఆటో కనబడుతుంది అంతే. ఎన్నికల ప్రచారమో, పాత ఇనుము కొనేవాడో అనుకుంటారు. ఫోనుకు సందేశం పంపాం అంటారు మరికొందరు. పుట్టుకతో వినికిడి లేనివారిలో చాలామందికి సైగల భాషే మొదటి భాష, తెలుగు నేర్చుకున్న భాష. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అనే వాక్యం చెవులు బాగున్నవాళ్లకే సరిగా ఎక్కదు. ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడికి వెళ్లాలి, వెంట ఏం తీసుకోవాలి అన్నది సైగల భాషలో నిమిషం వీడియోగా పంపితే చాలు. అదీ ముందురోజే వెళ్లాలి, గాలి మొదలయ్యాక సెల్ టవర్ల మీద నమ్మకం పెట్టుకోలేం.

మన ఓడరేవుల్లో తుఫాను సూచికలు పగలు శంకువు, స్థూపం (పీపా) ఆకారాలతో, రాత్రి దీపాలతో పైకెక్కిస్తారు. సముద్రం మీద ఉన్నవాడికి కేక వినబడదని ఓడరేవులు ఎప్పుడో ఒప్పుకున్నాయి. వీధిలో ఉన్నవాడి విషయంలో మనమింకా ఆ మాట ఒప్పుకోలేదు. పక్కింటివారిలో ఒకరికి బాధ్యత అప్పగించడం నేను చూసినంతలో అన్నిటికంటే బాగా పనిచేసింది. ఒక్క జాగ్రత్త: చెవులు వినబడని మనిషి తలుపు ఎంతసేపు కొట్టినా లాభం లేదు. కిటికీలోంచి టార్చిలైటు వేయాలి.

అపోహ: "ఎలాగోలా ఎత్తుకొచ్చేస్తే చాలు, సామాను తర్వాత చూసుకోవచ్చు."

వాస్తవం: ఈ మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగుతాను, ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది. హుద్‌హుద్ తర్వాత ఒక సహాయ కేంద్రంలో పులిహోర పొట్లాలు పంచుతూ ఒక యువకుడి దగ్గర ఆగి, "ఇంకేమైనా కావాలా బాబూ?" అన్నాను. "నా కుర్చీ ఎక్కడుందో కనుక్కోండి సార్" అన్నాడు. వ్యానులో చోటు లేదని చక్రాల కుర్చీని ఇంటి దగ్గరే వదిలేశాం. వదిలేయమన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మూడు రోజులుగా ఎవరో ఒకరు చేయందిస్తే తప్ప అతను మూత్రానికి కూడా వెళ్లలేకపోయాడు. కుర్చీ చివరికి కూలిన చెట్టు కింద ఒక చక్రం వంగి దొరికింది.

వెన్నుపూస దెబ్బతిన్నవారికి నడుము కింద స్పర్శ ఉండదు. గచ్చు మీద గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోబెడితే చర్మం కమిలి పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి అతను అరవడు, అరవలేదు కాబట్టి మనం చూడం. అందుకే మెత్త, మూత్రపు గొట్టం, సంచి, మందులు మనిషితో పాటే రావాలి. మూర్ఛ మాత్రలు, మానసిక వ్యాధి మందులు హఠాత్తుగా ఆపకూడదు. ఎలా ఎత్తాలో మనకు తెలియదు, ఆ మనిషికీ రోజూ ఎత్తే ఇంటివాళ్లకూ తెలుసు. అడిగితే అర నిమిషంలో చెబుతారు.

అపోహ: "మా కేంద్రానికి ర్యాంపు ఉంది."

వాస్తవం: ఉంది, చూశాను. గేటు దగ్గర రెండు మెట్లెక్కితే ఆ ర్యాంపు వస్తుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మన దగ్గర చాలావాటి మీద చక్రాల కుర్చీ ఎక్కదు, జారుతుంది. అసలు పరీక్ష మరుగుదొడ్డి. తలుపు ఇరుకైతే, లోపల మలుపు తిరిగే చోటు లేకపోతే, ఆడవాళ్లు ఏం చేస్తారో తెలుసా? నీళ్లు తాగడం మానేస్తారు. ఈ సంగతి ఏ నివేదికలోనూ కనబడదు, వారం తర్వాత మూత్రంలో మంటతో ఆసుపత్రిలో కనబడుతుంది.

అపోహ: "గాలి తగ్గింది, గండం గడిచింది."

వాస్తవం: హుద్‌హుద్ కన్ను, అంటే తుఫాను నడిమి భాగం, విశాఖ మీదుగా పోతున్నప్పుడు గాలి తెరిపిచ్చింది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ అందుకుంది. ఇది ఇప్పుడు ఊరంతటికీ తెలుసు. తుఫాను పూర్తిగా వెళ్లాక మొదలయ్యే కష్టం అంతగా తెలియదు. అంధులకు వీధి కాళ్లలో గుర్తుంటుంది. ఫలానా వేపచెట్టు, తర్వాత స్తంభం, తర్వాత కిళ్లీ కొట్టు. తెల్లారేసరికి చెట్టు అడ్డంగా పడి, తీగలు వేలాడుతూ, కొట్టు రేకులు దారిలో ఉంటే ఆ వీధి వాళ్లకు కొత్త ఊరే. ఇక కరెంటు రోజుల తరబడి లేకపోతే లిఫ్టు ఆగుతుంది, మంచాన ఉన్నవారి గాలిపరుపు దిగిపోతుంది, ఆక్సిజన్ యంత్రం పనిచేయదు. జనరేటరు ముందు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేటప్పుడు ఫోన్ల చార్జింగు కంటే ముందు ఈ ఇళ్లు గుర్తుకు రావాలి.

అపోహ: "తుఫానుకు నేర్పిందే అన్నిటికీ సరిపోతుంది."

వాస్తవం: ఈ ఊళ్లో ఆ మాట అనడానికి లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు రోజుల ముందు హెచ్చరిక ఎక్కడిది? నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వచ్చింది. మంటల పొగైతే నేలకు ఆనుకుని పాకమంటాం. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది, కిందికే చేరుతుంది. నేల మీద పాకేవారికి, చాప మీద పడుకున్నవారికి ముప్పు ఎక్కువ. పరిశ్రమల పక్కన ఉండే గాజువాక లాంటి చోట్ల, కదలలేని మనిషి ఉన్న ఇంటికి ఎవరు వెళ్లాలి, గాలి వాలును బట్టి ఎటు తీసుకెళ్లాలి అన్నది ఈరోజే రాసి పెట్టుకోవాలి.

అపోహ: "వాళ్లకు వేరే శిబిరం పెడితే సౌకర్యం."

వాస్తవం: ఎవరికి సౌకర్యం? ఇంటివాళ్లను ఒకచోట, మనిషిని ఇంకోచోట పెడితే చూసుకునేదెవరు?

అపోహ: "మేం ఏటా మాక్ డ్రిల్ చేస్తున్నాం, దివ్యాంగులను కూడా కలుపుకునే."

వాస్తవం: అలాంటి ఒక డ్రిల్లుకు నన్ను పిలిచారు. దివ్యాంగుల పాత్ర కళాశాల పిల్లలు వేశారు. స్ట్రెచర్ మీద పడుకున్న అబ్బాయి ఫొటో అయిపోగానే దిగి, తన చెప్పులు వెతుక్కుని నడిచి వెళ్లి అంబులెన్సు ఎక్కాడు. మరుసటి ఏడాది అక్కడే, నిజంగా చక్రాల కుర్చీ వాడే ఆవిడను పిలవమని పట్టుబట్టాను. ఆవిడ రావడానికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అందరూ గడియారం చూసుకుంటున్నారు. వచ్చాక ఆవిడ చెప్పింది, మైదానం గేటుకు పశువులు రాకుండా అడ్డంగా ఇనుప గొట్టాలు వేశారట. కుర్చీ వాటి దగ్గరే ఆగిపోయిందట. ఆ మైదానాన్నే మేం తుఫాను రోజున జనం చేరే స్థలంగా పటంలో గుర్తు పెట్టుకున్నాం.