కాయిల్ నెత్తిమీద, మంట అరికాలిలో

‘చెర్వుగట్టు జాతరలో కొన్న అయస్కాంత కడియంతో నొప్పి పోలేదు. మరి పెద్ద దవాఖానల్లో నెత్తికి అయస్కాంతం పెట్టి తగ్గిస్తరట, అదెట్ల?’ అని దేవరకొండ పాఠకుడొకరు అడిగారు. జవాబు పొలం గట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంది.

అందులో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి 11 కేవీ లైనుది, ఇంకొకటి మోటార్లకు పోయేది. రెండిటినీ కలిపే తీగ లేదు. మొదటి చుట్టలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంటే దాని అయస్కాంత క్షేత్రమూ ఊగుతుంది. ఆ ఊగుకే రెండోదానిలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. (బడిలో దీన్ని సూత్రంగా బట్టీ పట్టిస్తారు, పిల్లల్ని ట్రాన్స్‌ఫార్మర్ కంచె దాకా తీసుకుపోరు.) మొదటి చుట్టకు బ్యాటరీ కలిపి చూడండి: స్విచ్చి వేసినప్పుడు, తీసినప్పుడు తప్ప అవతల ఏమీ రాదు. మారని క్షేత్రం ఎంత బలంగా ఉన్నా దండగే. కడియం సంగతి అంతే. ఎమ్మారైలో 1.5 టెస్లా (క్షేత్ర బలానికి కొలత) క్షేత్రంలో అరగంట పడుకున్నా నొప్పి పోదు కదా!

దవాఖానలో నెత్తికి పెట్టేది టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) యంత్రం. అందులో కాయిల్ మొదటి చుట్ట, మెదడు రెండోది. కెపాసిటర్‌లో నిల్వ ఉంచిన విద్యుత్తు వేల ఆంపియర్లుగా ఒక్కసారి కాయిల్‌లోకి దూకితే, సుమారు 100 మైక్రోసెకన్లలో క్షేత్రం 1.5–2 టెస్లాకు లేస్తుంది. కరెంటును ఆపే పుర్రె ఎముక క్షేత్రాన్ని ఆపలేదు. అయితే రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాటితే బలం ఉండదు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం ఇలాగే చేతి కండరాలను కదిలించింది.

నొప్పికి కాయిల్ పెట్టేది స్పర్శ తెలిసే చోట కాదు, కండరాలను కదిలించే మోటార్ కార్టెక్స్ అనే మెదడు పైపొర భాగం మీద. అక్కడి నుంచి పోయే సంకేతాలు మెదడు లోపల స్పర్శ, నొప్పి కబుర్లు అందుకునే థాలమస్‌నూ, మెదడు కాండంలో నొప్పిని అణచే కేంద్రాలనూ కదుపుతాయి. ఒంట్లోనే తయారయ్యే ఓపియాయిడ్లకూ (నొప్పిని తగ్గించే రసాయనాలకూ) ఇందులో పాత్ర ఉంది: వాటిని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే ఉపశమనం తగ్గిపోతుంది.

నొప్పి కుడివైపైతే 8 ఆకారపు కాయిల్ ఎడమవైపు పెడతారు. ఒక్కో పల్స్ (కాయిల్‌లోకి కరెంటు ఒక్కసారి దూకడం) కొడుతూ, కొద్దికొద్దిగా జరుపుతూ, చేతివేళ్లు బాగా ఎగిరే చోటు పట్టుకుంటారు. పది పల్స్‌లలో ఐదింటికి కండరంలో కనీసం 50 మైక్రోవోల్టులు రావాలి. అంతటి కనీస బలమే ఆ మనిషి హద్దు. చికిత్స అందులో 80–90 శాతంతో, సెకనుకు 10 చొప్పున, మధ్యమధ్య ఆపుతూ, పూటకు 1500–3000 పల్స్‌లు. కాలిని కదిలించే మెదడు భాగం రెండు అర్ధగోళాల నడిమి సందులో లోతుగా ఉంటుంది కాబట్టి అరికాళ్ల మంటలకూ తరచుగా చేతి చోటే వాడతారు. కాయిల్ కొద్దిగా లేచినా, వంగినా మెదడుకు చేరేది బాగా పడిపోతుంది. యంత్రం మాత్రం టకటకమంటూనే ఉంటుంది! మూర్ఛకూ నరాల నొప్పికీ వాడే కార్బమజెపైన్ లాంటి మందు హద్దును పెంచుతుంది. మోతాదు మారిస్తే మళ్లీ కొలవాలి. చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి.

ఆధారాలు గట్టిగా ఉన్నది నరం దెబ్బతిని వచ్చే నొప్పికే. అక్కి లేచినప్పుడు ఎర్రమట్టితో బొమ్మ రాయిస్తారు. రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు వాటంతటవే మానితే, పేరు రాసినాయనకు వస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి మిగిలే మంట నరానిది, ఈ కోవలోకి వస్తుంది. మోకాలి అరుగుదల వేరు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వెన్నెముక బిగుసుకుపోయి, పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంటే కాయిల్ ఆ ఒత్తిడిని తీయలేదు, ముందు సర్జన్ చూడాలి. తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడికి చెవి లోపల అమర్చే పరికరం), మూర్ఛ, గుండెకు పేస్‌మేకర్ ఉంటే మొదటి పల్స్‌కు ముందే చెప్పాలి.